సూడాన్‌ది తెగల కొట్లాట కాదు



సూడాన్ పేరు వార్తల్లో వచ్చినప్పుడల్లా వినేది ఒకటే మాట. "అక్కడ తెగలు తెగలు కొట్టుకుంటున్నాయి" అంటారు. లేదంటే "ముస్లింలకీ క్రైస్తవులకీ గొడవ" అంటారు. మన గురించి కూడా బయటివాళ్లు ఇలాగే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందుకే ఆ మాట వినగానే మనకి అనుమానం రావాలి. 1983 నుంచి 2005 వరకు సాగిన అంతర్యుద్ధంలో సుమారు 20 లక్షల మంది చనిపోయారని అంచనా. మరో 40 లక్షల మంది ఊళ్లు వదిలారు. దాని వెనక భూమి ఉంది, నీళ్లు ఉన్నాయి, చమురు ఉంది. వీటన్నిటికంటే ముందు, చింపేసిన ఒక ఒప్పందం ఉంది.

మొదటి నుంచి చూద్దాం. 1899 నుంచి ఈజిప్టు పేరు కలుపుకుని సూడాన్‌ని నడిపింది బ్రిటిష్ వాళ్లే. ఉత్తరాన ఎక్కువగా అరబ్బీ మాట్లాడే ముస్లింలు. దక్షిణాన డింకా, నూయెర్, షిల్లుక్, అజాండే లాంటి జాతులు. 1922లో దక్షిణాదిని "మూసిన జిల్లాలు" చేసి, అనుమతి లేకుండా బయటివాళ్లు రాకుండా ఆపారు. మన ఏజెన్సీని వేరుగా పెట్టిన పాలకులూ వాళ్లే కదా. అయితే బడులు, రోడ్లు, ఉద్యోగాలు ఎక్కువగా ఉత్తరానికే పోయాయి. వెళ్లిపోయే ముందు మాత్రం రెండింటినీ ఒక్క ముడి వేసి ఖార్టూమ్ చేతిలో పెట్టారు. బ్రిటిష్ అధికారులు ఖాళీ చేసిన సుమారు 800 పోస్టుల్లో దక్షిణాది వాళ్లకి దక్కినవి పది కూడా లేవు. స్వాతంత్ర్యం వచ్చింది 1956 జనవరి 1న. టోరిట్‌లో సైనికుల తిరుగుబాటు 1955 ఆగస్టులోనే మొదలైంది. జెండా ఎగరకముందే యుద్ధం వచ్చిందన్న మాట.

పదిహేడేళ్లు పోరాడాక 1972లో అడిస్ అబాబాలో ఒప్పందం కుదిరింది. దక్షిణాదికి సొంత అసెంబ్లీ, సొంత ప్రభుత్వం ఇస్తామని అధ్యక్షుడు నిమేరీ ఒప్పుకున్నాడు. పదకొండేళ్లు తుపాకులు దాదాపు ఆగిపోయాయి. స్వయంపాలన ఇస్తే దేశం ముక్కలైపోతుంది అనేవాళ్లకి ఆ పదకొండేళ్లు చూపించండి.

మరి ఏం జరిగింది? 1978లో షెవ్రాన్ కంపెనీకి బెంటియు దగ్గర చమురు దొరికింది. అది దక్షిణాది నేల. వెంటనే ఖార్టూమ్ బుద్ధి మారింది. చమురు ఉన్న ప్రాంతం ఉత్తరంలోకి వచ్చేలా సరిహద్దు గీతలు మార్చాలని చూసింది. రిఫైనరీ మా దగ్గర పెట్టండి అంటే, ఉత్తరాన కోస్తీలో పెడతామంది. అదే ఏడాది జోంగ్లీ కాలువ తవ్వకం మొదలైంది. 360 కిలోమీటర్ల పొడవున తవ్వి, తెల్ల నైలు నీళ్లని చిత్తడి నేలల్లోకి పోనీయకుండా ఉత్తరానికి, ఈజిప్టుకి తీసుకెళ్లాలని ప్లాన్. ఆ చిత్తడి నేలలే డింకా, నూయెర్ల పశువులకి ఎండాకాలపు మేత. తర్వాత తిరుగుబాటుకి నాయకుడైన జాన్ గరాంగ్ అమెరికాలో పీహెచ్‌డీ చేసింది ఈ జోంగ్లీ ప్రాంతం మీదే.

1983 జూన్‌లో నిమేరీ దక్షిణ ప్రాంతాన్ని మూడు ముక్కలు చేసి, ఒప్పందాన్ని చెత్తబుట్టలో పడేశాడు. సెప్టెంబర్‌లో షరియా చట్టాలు తెచ్చాడు. మతం పాత్ర లేదని నేను అనను. కానీ షరియా ప్రకటన వచ్చేసరికి బోర్‌లో సైనికులు తిరగబడి నాలుగు నెలలైంది. ఈ వరస గుర్తు పెట్టుకోండి.

నూబా కొండల వాళ్ల సంగతి చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. వాళ్లు ఉన్నది ఉత్తరంలో. వాళ్లలో ముస్లింలూ చాలామంది. అయినా గరాంగ్ సేనతో ఎందుకు కలిశారు? 1970లో సూడాన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రిజిస్టర్ కాని భూమంతా సర్కారుదే అంది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న నూబా వాళ్ల దగ్గర కాగితం ఎక్కడుంటుంది? వాళ్ల పొలాలు ట్రాక్టర్ల వ్యవసాయం పేరుతో ఖార్టూమ్ వ్యాపారులకి పోయాయి. అదే 1970లో మన దగ్గర 1/70 చట్టం వచ్చింది. ఒక చట్టం భూమి లాక్కుంది, ఇంకొకటి కాపాడతానంది. కాగితం మీద ఒక్క వాక్యానికి ఎంత బలముందో చూడండి. 1992లో నూబా మీద "జిహాద్" ప్రకటించారు. జనాన్ని కొండల నుంచి దించి శిబిరాల్లో పెట్టి, వాటికి "శాంతి గ్రామాలు" అని పేరు పెట్టారు!

యుద్ధం ఎలా నడిపారో కూడా తెలియాలి. ఖార్టూమ్ తన సైన్యాన్నే కాదు, పక్కనున్న పశువుల కాపరి జాతుల యువకులకి కూడా తుపాకులిచ్చి డింకా ఊళ్ల మీదికి తోలింది. పేదోడి చేత పేదోడిని కొట్టించింది. 1988 కరువులో లెక్కలేనంతమంది ఆకలితో పోయారు. 1991లో తిరుగుబాటు సేన కూడా చీలింది. రియెక్ మచార్ వర్గం బోర్ ప్రాంతంలో సుమారు 2,000 మంది డింకాలని చంపింది. చంపినవాళ్లలో ఎక్కువమంది నూయెర్లు. ఈ తప్పు ఖార్టూమ్ ఒక్కదానిదే అంటే అబద్ధం చెప్పినట్టే.

1999లో 1,600 కిలోమీటర్ల పైపులైన్ పోర్ట్ సూడాన్ చేరింది, చమురు ఎగుమతి మొదలైంది. చమురు బావుల చుట్టూ ఊళ్లు ఖాళీ చేయించారు. కెనడా కంపెనీ టాలిస్మన్ మీద సొంత దేశంలో ఒత్తిడి పెరిగి వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. 2003లో ఆ 25 శాతం వాటా కొన్నది ఎవరో తెలుసా? మన ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ విదేశ్. అంటే ఈ కథ మనకి మరీ దూరంది కాదు.

2005లో శాంతి ఒప్పందం వచ్చింది. 2011 ఓటింగ్‌లో 98 శాతానికి పైగా విడిపోతామన్నారు, జూలై 9న దక్షిణ సూడాన్ పుట్టింది. కానీ నూబాకి ఆ ఓటు ఇవ్వలేదు, "ప్రజాభిప్రాయ సేకరణ" అని సరిపెట్టారు. 2011 జూన్‌లోనే వాళ్ల కొండల మీద మళ్లీ బాంబులు పడ్డాయి. కొత్త దేశంలో 2013 డిసెంబర్‌లో అధ్యక్షుడు సాల్వా కీర్, మచార్ వర్గాలు ఒకరినొకరు చంపుకున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి సూడాన్‌లో రెండు సాయుధ బలగాలు దేశాన్నే తగలబెట్టాయి.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఏంటి? హామీ రాసి ఉంటే చాలదు. దాన్ని మార్చే కలం ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఒప్పందం రాసేటప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరు లేరో అడగాలి, ఎందుకంటే లేనివాళ్లకే మళ్లీ దెబ్బ తగులుతుంది. పక్క జాతి మీద మన కోపాన్ని ఎవరు ఎగదోస్తున్నారో గమనించాలి. చివరిగా, మన కోసం పోరాడామని చెప్పే నాయకుడిని కూడా లెక్క అడగాలి. దక్షిణ సూడాన్ జనానికి దేశం దక్కింది, ఆ లెక్క అడిగే వీలు దక్కలేదు.

ఇకనుంచి ఎవరైనా "తెగల కొట్లాట" అంటే ఒక్కటే అడగండి: ఆ నేల కింద ఏముంది?

జై ఆదివాసీ!