ఆరడుగుల నేలకు సిఫార్సు అక్కర్లేదు

మన పట్టణాల్లో ముస్లింల శ్మశానమైన ఖబరస్తాన్‌కు స్థలం కావాలన్న మాట సాధారణంగా ఎన్నికల ముందు హామీగా పుడుతుంది. తర్వాత అర్జీ అవుతుంది. చివరికి ఎవరో ఒక నాయకుడి దయగా ముగుస్తుంది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో ఈ వరస మారాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో, రాష్ట్ర జాబితాలోని పదో అంశం ఖనన, దహన స్థలాలదే. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్, పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో దాన్ని 14వ అంశంగా చేర్చింది. అదే జాబితాలో రోడ్లున్నాయి, తాగునీరుంది, వీధిదీపాలున్నాయి. వీధి కుళాయికి నాయకుడి ఉత్తరం తెమ్మని అడగని వ్యవస్థ, మయ్యత్‌ను (మృతదేహాన్ని) దించే చోటుకు మాత్రం ఎందుకు అడగాలి?

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు ముస్లిం. 2022 ఏప్రిల్ 4న విడిగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో బనగానపల్లె ఉంది. 1948 వరకు అది నవాబుల సంస్థానం. కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం నాలుగు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. ఏలినవారికి గుమ్మటాలు దక్కాయి. పంక్చర్లు వేసేవారికి, పండ్ల బండి తోసేవారికి, హమాలీలకు దక్కింది ఊరి చివరి బీడు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప వెళ్లే దారి 40వ నంబరు జాతీయ రహదారిగా వెడల్పయ్యాక ‘ఊరి చివర’ అన్నదే దూరం జరిగిపోయింది. రహదారి పక్క బీడుకు గజాల లెక్కన ధర పలుకుతున్నప్పుడు, కూలి కుటుంబాలు చందాలు వేసుకుని శ్మశానానికి ఎకరా కొనగలవా?

ఎంత స్థలం కావాలన్నది అంచనా వేయలేని లెక్కేమీ కాదు. ఎకరాకు 43,560 చదరపు అడుగులు. ఒక్కో గోరీకి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వేసుకుని, దారులకు, జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) చదివే ఖాళీకి, నీళ్ల తొట్టికి నలభై శాతం వదిలేస్తే ఎకరాలో ఎనిమిది వందల గోరీలు పడతాయి. మన రాష్ట్రంలో ఏడాదికి వెయ్యి మందికి ఆరేడు మరణాలు. అంటే పది వేల జనాభాకు ఎకరా పన్నెండేళ్లు వస్తుంది. ఇచ్చేటప్పుడు అర ఎకరా, పావు ఎకరా చేతిలో పెట్టి ఫొటో దిగితే, ఈ తరం పిల్లలే పెద్దయ్యాక మళ్లీ అర్జీ పట్టుకు తిరుగుతారు. ఇక్కడ సమాజం పాటించాల్సిందీ ఒకటుంది. గోరీ మీద ఇటుకలు, సిమెంటు, పాలరాయి పరచడాన్ని ఇస్లాం మెచ్చదని మతపండితులైన ఉలమాలు ఎప్పటినుంచో చెబుతున్నారు. మట్టి గోరీ కొన్నేళ్లకు నేలలో కలిసి మరొకరికి చోటిస్తుంది. పక్కా గోరీ ఆ చోటును శాశ్వతంగా ఆక్రమిస్తుంది.

స్థలం ఎంతో తేలాక ఎలాంటి స్థలమన్నది చూడాలి. నంద్యాల సీమది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కేసీ కాలువ, తెలుగుగంగ పారే చోట్ల తవ్విన గుంతలో నీరు ఊరడం కొత్త కాదు. గట్టి నేలలో అయితే గుంత అడుగున పక్కకు తొలిచి, ఆ గూటిలో మయ్యత్‌ను ఖిబ్లా (మక్కా) వైపు తిప్పి పడుకోబెడతారు. రేగడిలో ఆ గూడు నిలవదు. గుంత మధ్యలో ఇరుకైన కాలువలా తవ్వి, పైన బండలు పరిచి మట్టి కప్పాలి. బేతంచెర్ల నాపరాళ్ల సీమలో బండలకు కొదవ లేదు, కానీ అడుగున నీళ్లుంటే బండలేం చేస్తాయి? అందుకే వాగు పోరంబోకో చెరువు శిఖమో చూపించి పని అయిపోయిందనిపించకూడదు. మెరక నేల కావాలి, గరుసు తగిలితే మరీ మంచిది. మయ్యత్‌కు గుసుల్ (స్నానం) చేయించడానికి, కాళ్లు చేతులు కడుక్కోవడానికి బోరు, వానాకాలంలోనూ జనాజా మోసుకెళ్లగలిగే దారి, రాత్రి దీపం, చుట్టూ ప్రహరీ ఉండాలి. ఇవి లేని స్థలాన్ని ఖబరస్తాన్ అని రాసుకున్నా అది బీడే.

కాగితం సంగతి ఇంకా గట్టిగా చూసుకోవాలి. వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8 నుంచి అమల్లోకి వచ్చింది. తరతరాలుగా వాడుకలో ఉన్నందువల్లే వక్ఫ్ అనిపించుకునే వెసులుబాటును అది ఇకముందుకు తీసేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను ఆపింది గానీ దీన్ని ఆపలేదు. ‘మా తాతల నుంచీ ఇక్కడే పూడుస్తున్నాం’ అన్న మాటకు రేపు బలం తగ్గుతుంది. కాబట్టి పాత గోరీల స్థలాలను రికార్డులో వెతికి నమోదు చేయించుకోవాలి. కొత్త స్థలం ప్రభుత్వ భూమి అయితే దాన్ని మున్సిపాలిటీ పేరిటే శ్మశానంగా బదలాయించి, సర్వే హద్దులు వేసి, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో పెట్టడం మేలని నా అభిప్రాయం. యాజమాన్యం గురించి కోర్టుల్లో నలగడం కన్నా, వాడుక హక్కు రాతలో ఉండి ఎవరూ అమ్మలేని స్థితి ఉండటం పేదలకు ఎక్కువ రక్షణ.

నల్లరేగడి అంటే పత్తి నేల; దాని గురించి మాట్లాడుతూ పత్తిని ఏకినవారిని మరిచిపోకూడదు.  ఆ పత్తిని విల్లుతో ఏకి పరుపులు కుట్టిన దూదేకుల వారు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య ఆ ఇంటి బిడ్డే. ‘పింజారి’ పేరుతో ఆత్మకథ చెప్పిన బుర్రకథ పితామహుడు షేక్ నాజరూ ఆ కులస్థుడే. రిజర్వేషన్లలో వీరు బీసీ-బి; ఫకీర్లు, లబ్బీలు, హజాములు, గారడీ సాయిబులు 2007 చట్టంతో బీసీ-ఈలో చేరారు. ఉర్దూ రాదని, ఆచారాలు వేరని తోటి ముస్లింలే చిన్నచూపు చూసిన బాధ దూదేకుల వారిది. తమకు విడిగా శ్మశాన స్థలాలు కావాలని వారి సంఘాలు అడుగుతున్నాయంటే ఆ కోరిక వెనుక అవమానం ఉంది. మసీదులో ధనిక పేద తేడా లేకుండా ఒకే వరుసలో నిలబెట్టిన మతం ఇది. జనాజా నమాజు ఊరందరి తరఫున కొందరైనా తీర్చాల్సిన బాధ్యత అంటుంది. అలాంటప్పుడు శ్మశానం గేటు దగ్గర కులం అడిగే హక్కు ఏ కమిటీకీ లేదు. ప్రజల సొమ్ముతో ఏర్పడే ఖబరస్తాన్‌లో దూదేకుల, ఫకీరు, దిక్కులేని మయ్యత్ ఎవరినీ కాదనరాదన్న షరతు కేటాయింపు ఉత్తర్వులోనే ఉండాలి. కమిటీలో వారికి చోటుండాలి. అది కుదరని ఊళ్లలో వేరు స్థలం ఇవ్వక తప్పదు, ఆ పరిస్థితికి సిగ్గుపడాల్సింది మాత్రం కాదన్నవారే.

ఇక పక్క కాలనీ అభ్యంతరాలు. అవి వస్తాయి. 2017 జనవరిలో కెనడాలోని క్యూబెక్ సిటీ మసీదులో ఆరుగురిని కాల్చి చంపినప్పుడు ఆ నగరంలో ముస్లింలకు సొంత శ్మశానమే లేదు. దగ్గరి సెయింట్ అపోలినేర్ అనే ఊళ్లో స్థలం చూసుకుంటే, జూలైలో ఇరుగుపొరుగు ఓటర్లను అడిగారు. 16 మంది సరేనన్నారు, 19 మంది వద్దన్నారు. మూడు ఓట్ల తేడాతో చచ్చినవారికి చోటు పోయింది. తర్వాత నగర పాలక సంస్థే ముందుకొచ్చి స్థలం అమ్మాల్సి వచ్చింది. మన దేశంలోనూ 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో ఒక క్రైస్తవ పాస్టర్ భౌతికకాయం ఊరివాళ్లు పూడ్చనివ్వనందుకు దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానంలో అంత్యక్రియలు జరపమన్నారు, రాష్ట్రమంతటా క్రైస్తవులకు ఖనన స్థలాలు రెండు నెలల్లో గుర్తించాలని ఆదేశించారు. ముందే గుర్తించి ఉంటే ఆ కుటుంబం కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని లేదు.

పీర్ల పండుగకు కులమతాలు చూడకుండా అగ్గిగుండం చుట్టూ చేరే సీమ ఇది. స్థలం ఎంపికకు ముందే చుట్టుపక్కల వారిని కూర్చోబెట్టి దారి ఎటు, ప్రహరీ ఎంత ఎత్తు, తాగునీటి బావులకు ఎంత దూరం అని చెబితే సగం గొడవ పుట్టదు. బిహార్‌లో 2006 నుంచి ప్రభుత్వ ఖర్చుతో వేల ఖబరస్తాన్లకు ప్రహరీలు కట్టింది హద్దుల తగాదాలు తగ్గించడానికే. తెలంగాణలో పల్లె ప్రగతి కింద దాదాపు ప్రతి పంచాయతీలో వైకుంఠధామం కట్టగలిగారు. డబ్బు పెద్ద అడ్డంకి కాదని ఈ రెండూ చెబుతున్నాయి.

ఆళ్లగడ్డ మున్సిపాలిటీ, నంద్యాల జిల్లా యంత్రాంగం చేయాల్సిన మొదటి పని ఖర్చులేనిది: పట్టణంలో అన్ని మతాల, అన్ని కులాల శ్మశానాల విస్తీర్ణం, సర్వే నంబర్లు, ఇంకెన్నేళ్లు వస్తాయన్న లెక్క తీసి కార్యాలయం గోడ మీద అంటించాలి. ఆ లెక్క చూసి కౌన్సిల్ తీర్మానం చేయాలి, తహసీల్దారు మెరక నేల చూపించాలి. అది ఈ ఏడాదే జరగాలి.