కూల్చి కాపాడిన అగ్రం

పిరెనీస్ పర్వతశ్రేణి ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల నడుమ తూర్పుదిశగా సాగి సాగి, చివరకు మధ్యధరా సముద్రంలో పాదం మోపే చోటును కటలోనియా ప్రజలు కాప్ డె క్రేయుస్ అంటారు. ఐబీరియా ద్వీపకల్పానికి ఇదే తూర్పు కొస. 1853లో నిర్మించిన దీపస్తంభం ఇప్పటికీ ఆ కొనమీద నిలిచి ఉన్నది. నూతన సంవత్సర దినాన, చలిని లెక్కచేయక, తొలి సూర్యోదయాన్ని చూడగోరి ఎందరో అక్కడ గుమికూడుతారు.

చూడబోతే అక్కడ ఉన్నదేమి? నల్లని పలకరాయి, దానిని చీల్చుకొని వచ్చిన తెల్లని రాతి చారలు, వాటి సందులలో ముళ్లపొదలు, అంతే. ట్రముంతాన అనే ఉత్తరపు గాలి వీచిన దినాలలో మనిషి నిలువుగా నిలబడటమే కష్టం. నిటారుగా ఎదగబోయిన చెట్టును ఆ గాలి వంచి నేలకు ఆనించుతుంది. ఉప్పునీటి తుంపర, గాలి కలిసి యుగాలుగా రాతిని తొలిచి, తేనెపట్టువలె గుల్లచేశాయి. దాదాపు ముప్పది కోట్ల సంవత్సరాల క్రిందట భూగర్భంలో నలిగి, మడతలుపడి, సాగిన శిలలు అక్కడ పైకి తేలి కనబడుతున్నందున, అనేక దేశాల భూగర్భశాస్త్ర విద్యార్థులకు ఆ తీరం తెరిచిన పాఠ్యగ్రంథం వంటిది.

1998లో ఈ అగ్రాన్ని, చుట్టుప్రక్కల నేలను, దానిని ఆనుకొన్న సముద్రభాగాన్ని కలిపి ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు. మొత్తం సుమారు 13,800 హెక్టార్లు. అందులో మూడువేలకు పైగా సముద్రమే. నేలను, నీటిని ఒకే రక్షణ క్రిందకు తెచ్చిన ఉద్యానాలలో కటలోనియాకు ఇదే మొదటిది. కొండ కాచినంత మాత్రాన చేప బ్రతకదనీ, చేపను కాచినంత మాత్రాన కొండ నిలవదనీ గుర్తించడం చిన్న విషయం కాదు.

అయితే ఈ ఉద్యానాన్ని గూర్చి చెప్పేవారు తరచుగా ఒక మాట వాడుతారు: ‘మనిషి చేయి పడని ప్రకృతి’. ఆ మాట నిజం కాదు. కొండవాలులను కొంచెం పరిశీలనగా చూచినవారికి మెట్లుమెట్లుగా రాతిగోడలు కనిపిస్తాయి. సున్నమూ లేదు, మట్టీ లేదు. రాతిమీద రాయి ఒదిగించి పేర్చిన గోడలవి. తరతరాల రైతులు ఆ గోడల వెనుక గుప్పెడు మన్ను నిలిపి, ద్రాక్ష పండించారు. 1879లో, అమెరికా ఖండంనుండి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు ఆ ప్రాంతానికి ప్రాకి, వేళ్లను పీల్చి, తోటలను మట్టుబెట్టింది. తరువాత కొందరు ఓలివ్ చెట్లను నమ్ముకొన్నారు. 1956 ఫిబ్రవరిలో యూరపును వణికించిన మంచు ఆ చెట్లనూ మాడ్చింది. నేటి యాత్రికుడు అడవి అని మురిసిపోయే పొదలలో ఎన్నో, రైతు ఓడిపోయి విడిచిన చేలమీద మొలిచినవే.

ఈ సంగతి మరచిపోతే, తుదేలా అనే చోట జరిగిన దానిని సరిగా తూచడం సాధ్యం కాదు. 1960ల ఆరంభంలో ఒక ఫ్రెంచి విహారసంస్థ అగ్రానికి సమీపంలో ఒక విడిది గ్రామాన్ని కట్టింది. నాలుగువందలకు పైగా కట్టడాలు. వేసవి మూడు నెలలలో తొమ్మిదివందలమంది బస చేయగల వసతి. మిగిలిన తొమ్మిది నెలలూ గాలి తప్ప నివాసి లేడు! ఉద్యానం ఏర్పడిన కొద్ది సంవత్సరాలకు విడిది మూతపడింది. ప్రభుత్వం స్థలాన్ని కొన్నది. 2009, 2010 సంవత్సరాలలో కట్టడాలన్నిటినీ విప్పివేశారు. ‘కూల్చారు’ అనకుండా ‘విప్పారు’ అనడమే న్యాయం. ఏలయనగా శిథిలాలను పోగులుగా వదలక, వేరుచేసి తిరిగి వినియోగానికి పంపారు. తోటల అందానికి తెచ్చి నాటిన దక్షిణాఫ్రికా మొక్క ఒకటి, దళసరి ఆకులతో నేలంతా పరుచుకొని స్థానికపు మొక్కలకు ఊపిరాడనీయకుండా చేయగా, దానిని పెకలించి తీశారు. కార్లు తిరిగిన బాటను కుదించి కాలిబాటగా మార్చారు.

దీనిని ఆక్షేపించినవారు లేకపోలేదు. వారి వాదం తేలికగా త్రోసిపుచ్చదగినది కూడా కాదు. ఆ విడిది ఎత్తైన భవనాల గుట్ట కాదు. నేలవాలును అనుసరించి, చిన్నచిన్న తెల్లని గదులుగా, కొండను అతిక్రమించకుండా కట్టినది. ఆధునిక వాస్తుకళకు మంచి ఉదాహరణగా దానిని ఎన్నినవారున్నారు. రైతు కట్టిన గోడ వారసత్వ సంపద అయినప్పుడు, వాస్తుశిల్పి కట్టిన గది మాత్రం ఎందుకు కాకూడదని వారి ప్రశ్న.

ప్రశ్న గట్టిదే. దానికి ‘ప్రకృతి పవిత్రం’ అనే జవాబు చాలదు. సరియైన జవాబు వేరొకటి కలదు. రైతు గోడ ఉన్న మట్టిని నిలిపింది; వాననీటిని వాలుమీద జారిపోకుండా ఆపింది. విడిది గ్రామమో, అంతమందికి నీరు, విద్యుత్తు, బాట అన్నీ బయటనుండి రప్పించుకొన్నది; పరాయి మొక్కను నేలకు అంటగట్టింది. రెండూ మనిషి పనులే. ఒకటి ఆ చోటుకు పెట్టుబడి, ఒకటి ఆ చోటుమీద ఖర్చు. ఈ భేదాన్ని బట్టి విప్పివేయడం సమంజసమే అనాలి. అంతేగాని, పనిచేసినవారు ‘పూర్వస్థితికి తెచ్చాము’ అని చెప్పుకొంటే మాత్రం, ఏ పూర్వం అని అడగవలసి ఉంటుంది. ద్రాక్షతోటల పూర్వమా, వాటికి ముందటి అడవి పూర్వమా?

మెచ్చుకొన్న చేతితోనే ఒక తప్పును ఎత్తిచూపక తప్పదు. ఆ తీరపు రాళ్లకు పేర్లున్నాయి: ఒంటె, గ్రద్ద మొదలైనవి. పడవమీద పోయే జాలరులు పెట్టిన పేర్లవి. సమీపంలోని పోర్ట్ లిగాత్‌లో చాలాకాలం నివసించిన చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఈ రాళ్లవద్దనే తన విద్య నేర్చాడనవచ్చు. 1931లో అతడు వేసిన, కరిగి వ్రేలాడే గడియారాల చిత్రం లోకప్రసిద్ధం. గడియారాలను చూచి ఆగిపోయేవారు దాని వెనుక భాగంలోని కొండచరియను గమనించరు. అది ఈ తీరమే. అతనిని ఆకర్షించిన రహస్యం ఏమంటే, పడవ కదిలినకొద్దీ రాయి రూపు మారడం. ఒంటె అనుకొన్నది పది బారలు సాగేసరికి వేరొక ఆకారం దాల్చుతుంది. ఒకే ఆకృతిలో రెండు రూపాలు దాచే అతని చిత్రణవిధానానికి ఈ అనుభవం ఒక మూలం.

ఇప్పుడో, తుదేలా కాలిబాట ప్రక్కన ఉక్కు ఫలకాలు నిలిపి, ఏ రాయిని ఏ జంతువుగా చూడవచ్చునో సూచించారు. బడిపిల్లలు వచ్చి, ఫలకం చూచి, ఒంటెను గుర్తించి, ఫొటో తీసుకొని ముందుకు నడుస్తారు. చూపు అక్కడ మొదలుకావలసింది, అక్కడ ముగిసిపోతున్నది. రాతికి పేరు పెట్టే హక్కు జాలరికి ఉన్నట్లే పిల్లవానికీ ఉన్నది కదా! ఫలకం చూపకుండా పదినిమిషాలు వారిని ఆ రాళ్లచుట్టూ త్రిప్పి, తమకు తోచిన పేర్లు వ్రాసుకోమని, తరువాత జాలరుల పేర్లు చెప్పే ఉపాధ్యాయుడు దొరికితే, ఆ ఉక్కు ఖర్చు మిగిలేది.

ఇక మెట్ల గోడల సంగతి. సున్నం లేకుండా రాయి పేర్చే విద్యను 2018లో యునెస్కో మానవజాతి వారసత్వాలలో చేర్చింది. ఆ పట్టికలో స్పెయిన్ కూడా ఉన్నది. పట్టికలోకి ఎక్కినంత సులువుగా గోడ ఎక్కదు. ఒక్క రాయి జారితే దాని వెంట నాలుగు జారుతాయి. ఒక చినుకుకు రైతు నిలిపిన మన్ను సముద్రం పాలవుతుంది. మేత తగ్గి, సేద్యం తగ్గి, పొద దట్టమైనచోట నిప్పు పడితే, ట్రముంతాన దానిని ఎంతదూరమైనా మోసుకుపోతుంది. నాలుగువందల కట్టడాలను రెండేళ్లలో విప్పగలిగారు. ఆ వాలులలో జారిన రాళ్లను తిరిగి పేర్చడానికి ఎన్ని చేతులు కావాలో, ఆ చేతులకు పని నేర్పే పెద్దలు ఎందరు మిగిలారో, ఇకనైనా లెక్క వేయాలి.