చోటివ్వకుండా దూరం పాటించమంటే ఎలా?

2020 ఏప్రిల్ 24న తమిళనాడు ప్రభుత్వం హడావిడిగా ఓ ప్రకటన చేసింది. ఎల్లుండి నుంచి నాలుగు రోజులు చెన్నైలో లాక్‌డౌన్ మరింత కఠినమని దాని సారాంశం. మర్నాడు ఆ నగరంలోని కోయంబేడు కూరగాయల మార్కెట్‌ మీద జనం విరుచుకుపడ్డారు. కొద్దిరోజులకే అది కొవిడ్ వ్యాప్తికి కేంద్రమైంది. మే 5న మూసేసేనాటికి సరుకు లారీల రాకపోకల వెంట రోగం మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలకూ చేరిపోయింది. రద్దీని ఆపాల్సిన ఆంక్షే రద్దీని పుట్టించింది!

మనుషులు ఎడంగా ఉంటే అంటురోగం నెమ్మదిస్తుందనడంలో సందేహం లేదు. తొలినాళ్ల అంచనాల్లో ఒక్కో కొవిడ్ రోగి సగటున ఇద్దరు ముగ్గురికి అంటించేవాడు. ఒకరినొకరు కలవడం సగానికి పైగా తగ్గితే ఆ సగటు ఒకటి దరిదాపులకు వస్తుంది. ఒకటి కన్నా తగ్గితే వ్యాప్తి సన్నగిల్లుతుంది. పైగా దగ్గు, జ్వరం కనిపించకముందే అంటుకునే రోగమిది. జబ్బుపడ్డవారిని వేరుగా ఉంచితే సరిపోదు. 1918 ఫ్లూ కాలంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా భారీ ఊరేగింపు జరుపుకొంది, సెయింట్ లూయిస్ బడులు, థియేటర్లు త్వరగా మూసింది. ఉద్ధృతి వేళ మరణాల రేటు మొదటి నగరంలో ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే ఆ ఎడం ఎవరివల్ల అవుతుంది? ఒక్క గదిలో కుటుంబమంతా సర్దుకునే హమాలీ ఎంత దూరం జరగగలడు? ఒళ్లు వెచ్చబడిందని పనికి వెళ్లకపోతే ఆ పూట కూలి ఎవరిస్తారు? ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లను మైదానాల్లోకి మార్చారు, అది మంచి పని. అదే ప్రభుత్వం మే 4న తానే నడిపే మద్యం దుకాణాలు తెరిచి, ఎర్రటి ఎండలో బారులు తీయించింది. తిట్లు మాత్రం వరుసలో నిల్చున్నవారికి పడ్డాయి.

చట్టం తీరూ అంతే. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉత్తర్వు మీరినవారిని శిక్షించే వీలిచ్చింది. ఉత్తర్వు పాటించేందుకు చోటు, కూలి, తిండి చూడాల్సిన బాధ్యతను ప్రభుత్వంపై పెట్టలేదు. 2020లో సవరించినా ప్రధానంగా వైద్య సిబ్బంది రక్షణనే చూశారు. అది అవసరమే, కానీ చాలదు.

మహమ్మారి లేని ఈ రోజుల్లోనే ప్రతి పెద్ద మార్కెట్‌కూ ప్రత్యామ్నాయ మైదానాన్ని కలెక్టర్లు ఖరారు చేయాలి. ఇంట్లో ఉండమన్న కూలీకి ఆ రోజుల వేతనం చెల్లించడాన్ని చట్టంలోనే రాయాలి. ఆ రెండూ చేయని ప్రభుత్వానికి, రోడ్డెక్కిన కూలీపై కేసు పెట్టే నైతిక హక్కు లేదు.