ముందు బాకీ, తర్వాత దానం

క్రషింగ్ ముగిసి నెలలు గడిచినా చెరకు బిల్లు అందలేదంటూ రైతులు ఏటా సంఘం కార్యాలయానికి వస్తూనే ఉన్నారు. కొన్నిచోట్ల వాళ్లు వచ్చే దారిలోనే ఫ్యాక్టరీ యాజమాన్యం బడికి బెంచీలు ఇచ్చిందనీ, వైద్య శిబిరం పెట్టిందనీ బోర్డులు కనిపిస్తాయి. బెంచీలు వద్దని మనం అనం. కానీ ఆ బడిలో పిల్లవాడి ఫీజు కోసం తండ్రి అప్పు చేయాల్సి వస్తే, దాన్ని సామాజిక బాధ్యత అనగలమా?

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇది మంచిదే. అయితే మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని ఈ ఖాతాలో చూపకూడదని నిబంధనలే చెబుతున్నాయి. అంటే రైతు బిల్లు చెల్లించడం సేవ కాదు, బాకీ తీర్చడం. 2 శాతం ఎలా ఖర్చు పెట్టారన్నది ఒక ప్రశ్న. అసలు ఆ లాభం ఎలా వచ్చిందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఆవును చంపి చెప్పులు దానం చేస్తే పుణ్యం రాదు.

1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. లక్ష రూపాయల బిల్లు ఆరు నెలలు ఆగితే ఆ వడ్డీ 7,500 రూపాయలు. అదే రైతు బయట నూటికి రెండు రూపాయల చొప్పున అప్పు తెస్తే 12,000 కట్టాలి. ఫ్యాక్టరీ చట్టప్రకారం వడ్డీ ఇచ్చినా 4,500 నష్టం. ఆ వడ్డీ కూడా ఇవ్వకపోతే, ఫ్యాక్టరీకి రైతే ఉచితంగా పెట్టుబడి పెట్టినట్టు.

యాజమాన్యాల మాట కూడా వినాలి. ఫ్యాక్టరీలు అమ్మే పంచదార కనీస ధరను కేంద్రం 2019లో కిలోకు 31 రూపాయలుగా నిర్ణయించింది. 2018-19లో క్వింటాలుకు 275 రూపాయలున్న చెరకు ఎఫ్‌ఆర్‌పీ 2024-25 నాటికి 340కి పెరిగినా, పంచదార కనీస ధర అప్పటికీ అక్కడే ఉండిపోయింది. ఇందులో న్యాయమైన ఫిర్యాదు ఉంది. దాన్ని కేంద్రం ముందు పెట్టడానికి మన సంఘం కూడా గొంతు కలుపుతుంది. కానీ ఢిల్లీలో తేలాల్సిన లెక్కకు రైతు బిల్లును తాకట్టు పెట్టడం న్యాయం కాదు.

నీతిగా ఉంటే నష్టపోతామనే యాజమాన్యాలు ఒక సంగతి ఆలోచించాలి. బిల్లు ఆగిన రైతు కార్శి తోట దున్నేసి సరుగుడో, జామాయిలో వేస్తాడు. చెరకు తగ్గితే ఫ్యాక్టరీ ఆడే రోజులు తగ్గుతాయి. సిబ్బంది జీతాలు, బ్యాంకు వడ్డీలు మాత్రం తగ్గవు. చివరికి గేటుకు తాళం పడుతుంది. కార్మికుడూ, లారీ డ్రైవరూ, చెరకు నరికే కూలీ కూడా రోడ్డున పడతారు. సకాలంలో చెల్లించే ఫ్యాక్టరీకే వచ్చే ఏడాది చెరకు ఉంటుంది. కంపెనీ పనితీరుకు పునాది రైతు నమ్మకమే.

అందుకే మూడు విషయాలు కోరుతున్నాం. కంపెనీలు సేవా కార్యక్రమాల లెక్క ప్రచురించే వార్షిక నివేదికలోనే, రైతులకు ఎన్ని రోజుల్లో చెల్లించారో, ఎంత బకాయి ఉందో కూడా ప్రచురించాలి. 14 రోజులు దాటితే అడగకుండానే వడ్డీ కలిపి చెల్లించాలి. ఎఫ్‌ఆర్‌పీ పెంచినప్పుడల్లా కేంద్రం పంచదార కనీస ధరనూ సమీక్షించాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి సభ్యుడూ కాటా చీటీలు జాగ్రత్తగా దాచుకోవాలి. చెరకు తోలిన తేదీ రాసిపెట్టుకోవాలి. 15వ రోజున ఫ్యాక్టరీకీ, చెరకు శాఖ అధికారికీ వడ్డీతో సహా బిల్లు కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ఒక్కొక్కరుగా కాదు, ఊరంతా కలిసి ఇవ్వాలి. మనం అడుగుతున్నది దానం కాదు, మన పంట డబ్బు.