ఫోనుకు కొత్త అడ్రసు, ఇంటికి పాత అడ్రసే

ఇంటర్నెట్‌లో తీరని అడ్రసుల ఎద్దడి - గడువు దాటినా ఇళ్లకు పూర్తిగా చేరని కొత్త పద్ధతి

నారపల్లి: ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. పైన కొత్త దారి కడుతూనే కింద పాత దారిలో బస్సులు, లారీలు నడపవలసి వచ్చింది. ఆ గుంతలు, ఆ దుమ్ము ఎలాంటివో ఈ ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్‌లో కూడా ఇలాంటి పనే ఏళ్ల తరబడి సాగుతోంది. పాత దారి మూయడానికి లేదు, కొత్త దారి పూర్తి కావడం లేదు. కాకపోతే ఇది కంటికి కనిపించేది కాదు.

ఇంటర్నెట్‌తో కలిసే ప్రతి ఫోనుకు, కంప్యూటరుకు, ఇంటి ముందు పెట్టుకున్న కెమెరాకు ఒక అంకెల అడ్రసు ఉండాలి. ఇంటి నంబరు లేకపోతే ఉత్తరం చేరనట్లే, ఈ అడ్రసు లేకపోతే సమాచారం చేరదు. 1981లో ఖరారైన పాత పద్ధతిని ఐపీవీ-4 అంటారు. అందులో ఉన్న అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లు. అప్పట్లో అవి తరగవనుకున్నారు. నేడు ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి వాటాలను ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఆసియా, పసిఫిక్ దేశాలకు అడ్రసులు ఇచ్చే ఏప్‌నిక్ సంస్థ అదే ఏడాది ఏప్రిల్ నుంచి రేషన్ పెట్టింది. 2019 నుంచి కొత్తగా వచ్చే సంస్థకు 512కు మించి ఇవ్వడం లేదు.

ఈ కొరతను ముందే ఊహించిన ఇంజనీర్లు ఐపీవీ-6 అనే కొత్త పద్ధతిని రూపొందించారు. దాని తొలి రూపం 1995లోనే వెలువడింది. అందులోని అడ్రసుల లెక్క రాయాలంటే 39 అంకెలు కావాలి. ఇక కొరత అన్న మాటే ఉండదు. అయినా ముప్పై ఏళ్లు గడిచినా మార్పు పూర్తి కాలేదు.

ఎక్కడ చిక్కు?

2000 తర్వాత తొలి ఏళ్లలో మన ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 అంకె చేర్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎక్స్చేంజీలో మార్పు చేశారు, ఇంట్లో ఫోను మార్చే పని పడలేదు. ఇంటర్నెట్‌లో అలా కుదరదు. పాత పద్ధతి మాత్రమే తెలిసిన యంత్రం కొత్త అడ్రసున్న యంత్రంతో నేరుగా మాట్లాడలేదు. మధ్యలో దుబాసీ వంటి ఏర్పాటు ఉండాలి, లేదా రెండు పద్ధతులూ పక్కపక్కన నడపాలి. రెండూ నడిపితే పని పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టిన వారికి వెంటనే రాబడి కనిపించదు. అందుకే ఎదుటివారు మారితే చూద్దామని అందరూ ఆగారు.

ఒక అడ్రసు, పలు ఇళ్లు

అడ్రసులు చాలని చోట సర్వీసు సంస్థలు ఒకే అడ్రసును పలు ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. 2,000 ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చిన ఆపరేటరు చేతిలో 500 అడ్రసులే ఉన్నాయనుకుందాం. సగటున నాలుగిళ్లకు ఒకటి వస్తుంది. సినిమా చూసేటప్పుడు ఈ తేడా తెలియదు. ఊరికి వెళ్లి ఇంటి కెమెరాను నేరుగా చూద్దామంటే మాత్రం కుదరదు, కెమెరా కంపెనీ సర్వరు మీద ఆధారపడాలి. ఆ నాలుగిళ్లలో ఒకరు తప్పు చేసి ఏదైనా వెబ్‌సైటు ఆ అడ్రసును నిషేధిస్తే, మిగిలిన మూడిళ్లకూ తలుపు మూతపడుతుంది. సైబర్ నేరం జరిగి పోలీసులు అడ్రసు పట్టుకుని బయలుదేరితే, అది ఏ ఇల్లో తేల్చడానికి ఆపరేటరు దగ్గర నిమిషాలతో సహా రికార్డు ఉండాలి. ఆ రికార్డు సరిగా లేకపోతే అనుమానం నిర్దోషి మీద పడే ప్రమాదం ఉంది.

ముందు నడిచిన సెల్‌ఫోన్లు

2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియో మొదటి నుంచే ఐపీవీ-6 వాడింది. ఆలస్యంగా వచ్చినందున పాత అడ్రసుల నిల్వ లేదు, మార్చవలసిన పాత యంత్రాలూ లేవు. తర్వాత ఇతర కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. ఈ పద్ధతి వాడకంలో భారతదేశం నేడు ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. ఈ ఘనత ఎక్కువగా సెల్‌ఫోన్లదే.

కేంద్ర టెలికాం శాఖ 2010లో తొలి కార్యాచరణ ప్రణాళిక, 2013లో రెండోది ప్రకటించింది. 2021లో గడువులు సవరించింది. ప్రభుత్వ సంస్థలు 2022 జూన్ నాటికి మారాలని, 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే ప్రతి కొత్త తీగ కనెక్షనూ ఐపీవీ-6కు పనికివచ్చేదిగా ఉండాలని అందులో పేర్కొంది. ఇళ్లలోని పాత మోడెములను దశలవారీగా మార్చే బాధ్యత సర్వీసు సంస్థలపై పెట్టింది. కానీ గోడకు తగిలించిన పెట్టె వెలుగుతున్నంత కాలం ఎవరూ దాని జోలికి పోరు.

వినియోగదారులు ఏం చేయాలి?

ఇంట్లో వై-ఫైకి కలిపిన ఫోను సెట్టింగులలో ఐపీ అడ్రసు చూడవచ్చు. అంకెల మధ్య చుక్కలున్న అడ్రసు ఒక్కటే కనిపిస్తే ఇంటికి పాత పద్ధతే వస్తున్నట్లు లెక్క. 2తో మొదలై మధ్యలో జంట చుక్కలున్న పొడవైన అడ్రసు కూడా ఉంటే కొత్తది చేరినట్లే. కొత్త కనెక్షను తీసుకునేటప్పుడు ఈ సౌకర్యం ఉందా అని ఆపరేటరును అడగాలి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. కొత్త పద్ధతిలో ప్రతి యంత్రానికీ సొంత అడ్రసు ఉంటుంది. మోడెములో ఫైర్‌వాల్ అనే కాపలా పని చేయకపోతే బయటివారు నేరుగా తలుపు తట్టగలరు. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చుకోవాలి.

మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన టీ-ఫైబర్ తీగ పల్లెలకు ఇంటర్నెట్ అందించడానికి ఉద్దేశించినది. కొత్తగా తీగ వేసే చోట మొదటి రోజు నుంచే కొత్త పద్ధతి పెడితే, రేపు మళ్లీ ఇంటింటికీ తిరిగి మార్చే ఖర్చు తప్పుతుంది. పైసా ఎక్కువ కాకుండా ఇప్పుడే జరగగల పని ఇంకొకటి ఉంది. పంచాయతీలు, పాఠశాలలు మోడెములు కొనే టెండర్లలో ఐపీవీ-6 తప్పనిసరి అన్న ఒక్క షరతు చేర్చాలి. పాత పెట్టెలు కొని పల్లెలకు పంపడం ఇకనైనా ఆగాలి.