గంజాయి ఓటుకు గరళకంఠుని సాక్ష్యమా?





2024 నవంబరు 4, కార్తికమాసంలో తొలి సోమవారం. ఫ్లోరిడా రాష్ట్రంలో నేను అర్చకత్వం నిర్వహించుచున్న దేవాలయంలో రుద్రాభిషేకం ముగిసి తీర్థం ఇచ్చుచుండగా, ఒక యువకుడు చేయి చాచి నిలిచి, "స్వామీ, రేపు ఓటు వేయాలి. గంజాయికి అనుమతినిచ్చే మూడవ సవరణ కూడ ఓటుపత్రంలో ఉన్నది. మన శివయ్యకు ప్రీతికరమైనదే కదా, అవునని వేయవచ్చునా?" అని అడిగినాడు. వెనుక నిలిచినవారు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. వరుసలో అంతమంది నిలిచియుండగా శాస్త్రచర్చ కుదరదు గనుక, "తరువాత చెప్పెదను నాయనా" అని పంపివేసినాను. అప్పటినుండి ఇదే ప్రశ్నను హాస్యంగా కొందరు, నిజమైన జిజ్ఞాసతో కొందరు అడిగియున్నారు. ఈ వ్యాసం అందరికీ కలిపి ఇచ్చు సమాధానం.

ముందే ఒక మాట నివేదించుకొనవలెను. నాకు ఈ దేశంలో ఓటు లేదు. ధర్మకార్యనిర్వాహకులకు ఇచ్చే వీసాపై వచ్చినవాడను. ఏ పక్షమూ నాకు స్వపక్షం కాదు.

ఆ సవరణకు దాదాపు 56 శాతం ఓట్లు వచ్చినవి. ఫ్లోరిడా రాజ్యాంగాన్ని సవరించుటకు 60 శాతం కావలెను గనుక అది వీగిపోయినది. అయితే అప్పటికే 24 రాష్ట్రాలు వయోజనులకు అనుమతి ఇచ్చియున్నవి. ఈ ప్రశ్న మరల వచ్చును, అభ్యర్థులు మరల మన మండపానికి వచ్చెదరు.

మొదట శివుని సంగతి. నమకచమకాలు ప్రతిదినమూ పఠించువాడను. చమకంలో భక్తుడు కోరు పదార్థాల పట్టిక ఎంత దీర్ఘమైనదో వినువారికి తెలియును. వరి, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు, కొర్రలు, చామలు, నివ్వరి ధాన్యం వరకు అన్నీ అందులో ఉన్నవి. భంగ లేదు. మా దక్షిణదేశపు ఆలయాలలో అభిషేకద్రవ్యాలు పాలు, పెరుగు, నేయి, తేనె, చక్కెర, నారికేళోదకం, గంధం, విభూతి. ఉజ్జయినిలో మహాకాలునికి భంగతో అలంకారం చేయు ఆచారం కలదు, కాశీలో ప్రభుత్వ అనుమతి పొందిన భాంగ్ దుకాణాలు కలవు. అవి ఆయా దేశాచారాలు, వాటిని నేను నిందించను. భారతదేశంలో 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం సైతం గంజాయి మొక్క పూగుత్తిని, జిగురును నిషేధించి, విడిగా ఉన్న ఆకును, విత్తనాన్ని ఆ నిర్వచనం నుండి మినహాయించినది. కాశీలో ఆకు అమ్ముచున్నారు గనుక ఫ్లోరిడాలో పూగుత్తి అమ్మవచ్చునని వాదించువారు ఈ భేదాన్ని గమనించవలెను.

శాస్త్రం ఆ మొక్కను శపించినదని కూడ నేను చెప్పజాలను. అథర్వవేదం పదకొండవ కాండంలో, ఆపద నుండి విముక్తి కోరు ఒక సూక్తంలో, సోమం ప్రధానంగా దర్భ, యవలతో పాటు భంగ పేరు వినబడును. వైద్యులకు అది ఔషధం. భావప్రకాశ నిఘంటువు దానికి కఫహరమని, పాచనమని గుణాలు చెప్పి, అదే వాక్యంలో మోహాన్ని, మదాన్ని పెంచునని కూడ చెప్పినది. శార్ఙ్గధరుడు దానిని జీర్ణం కాకముందే శరీరమంతట వ్యాపించు ద్రవ్యాలలో, నల్లమందు సరసన చేర్చినాడు. మన పూర్వులు ఒకే మొక్కలో మందును, మత్తును రెండింటినీ చూచి, రెండింటినీ వ్రాసిపెట్టినారు. అమెరికా ప్రభుత్వం మాత్రం 1970 నుండి దశాబ్దాల తరబడి దానిని హెరాయిన్‌తో సమంగా మొదటి షెడ్యూలులో ఉంచి, ఔషధోపయోగం ఏమియు లేదన్నది. అది విజ్ఞానం కాదు, హఠం. ఈ మాట అనుటకు నాకు సంకోచం లేదు.

ఇక హాలాహలం. "శివుడు విషం తాగినవాడు, మత్తు ఆయనకు లెక్కయా" అని యువకులు అనుచుందురు. క్షీరసాగరమథన ఘట్టాన్ని సావధానంగా చదివినవారు ఈ మాట అనరు. లోకాన్ని దహించు విషాన్ని ఆయన ఒక్కడే స్వీకరించి, కంఠంలో నిలిపినాడు. ఉదరంలోకి దిగనీయలేదు, బయటికి పోనీయలేదు. ఎవరికీ పంచలేదు, ఎవరికీ విక్రయించలేదు. ఆ చరిత్రను విక్రయానికి సాక్ష్యంగా తెచ్చుట కంటె విపరీతం వేరొకటి కలదా?

విక్రయమనుట ఊరక కాదు. ఈ సవరణలో ఏమి ఉన్నదో ఎంతమంది చదివినారు? ఇరువదియొక్క సంవత్సరాలు నిండినవారు మూడు ఔన్సుల వరకు, అనగా సుమారు 85 గ్రాములు, దగ్గర ఉంచుకొనవచ్చును. అప్పటికే వైద్యావసరాలకు అమ్ముచున్న కేంద్రాలు ఇక అందరికీ అమ్మవచ్చును. ఇంటి పెరట్లో ఒక్క మొక్క నాటుకొను హక్కు మాత్రం లేదు! దుకాణపు మొక్క శిష్టం, పెరటి మొక్క నేరం. ప్రచారానికి రాష్ట్రంలోని అతిపెద్ద గంజాయి సంస్థ ట్రూలీవ్ పది కోట్ల డాలర్లకు మించి వ్యయం చేసినది. శివప్రీతి కొరకు అంత ధనం వెచ్చించినారని ఎవరైనను నమ్మినచో వారి భక్తికి నా నమస్కారం.

అభ్యర్థుల విషయానికి వచ్చెదను. డొనాల్డ్ ట్రంప్ ఫ్లోరిడా ఓటరుగా తాను సవరణకు అనుకూలంగా ఓటు వేయుదునని 2024 సెప్టెంబరులో ప్రకటించినారు. ఆయన మొదటి పాలనలోనే, 2018 జనవరిలో, ఆయన నియమించిన అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్, అనుమతించిన రాష్ట్రాల జోలికి పోవద్దను పూర్వపు ఆదేశాన్ని రద్దు చేసినారు. కమలా హారిస్ 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో జిల్లా న్యాయవాదిగా ఉండి, కాలిఫోర్నియాలో ఇటువంటి ప్రతిపాదనను వ్యతిరేకించినారు. 2014లో ఈ విషయమై విలేఖరి ప్రశ్నించగా నవ్వి దాటవేసినారు. 2018లో సెనేటులో అనుకూల బిల్లుకు సంతకం చేసి, 2024 అక్టోబరులో దేశమంతట చట్టబద్ధం చేయుదునన్నారు. గవర్నర్ రాన్ డిశాంటిస్ ఆద్యంతం వ్యతిరేకించినారు. ఆయన ప్రధానాక్షేపాలలో ఒకటి వీధులన్నీ గంజాయి కంపు కొట్టునని! దుర్గంధ నివారణ మా అర్చకుల వృత్తిధర్మమే అయినను, రాజనీతికి అది చాలిన హేతువని నేను అంగీకరించజాలను.

అభిప్రాయం మార్చుకొనుట దోషం కాదు. జ్ఞానం కలిగిన కొలది మనుష్యుడు మారవలెను. అయితే మన ధర్మశాస్త్రం మార్పుకు ఒక క్రమం చెప్పినది. మనువు పాపవిముక్తికి చెప్పిన ఉపాయాలలో మొదటిది ఖ్యాపనం, అనగా చేసినదానిని నలుగురి ఎదుట ఒప్పుకొనుట. తరువాతనే పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం. నిన్న నా అధికారంతో ఫలానావారు శిక్షింపబడినారు, అది తప్పు, వారికి ఇది చేయుదునని పలికినవాడే మారినవాడు. గాలి ఎటు వీచిన అటు తిరుగునది ధ్వజం మాత్రమే. అమెరికా పౌరహక్కుల సంఘం 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం, వాడుక ఇంచుమించు సమానమే అయినను, గంజాయి కేసులలో నల్లజాతివారు శ్వేతజాతివారి కంటె సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా నిర్బంధింపబడుచున్నారు. దండం సమంగా పడనప్పుడు అది దండనీతి కాదు.

జో బైడెన్ కొంత ఖ్యాపనం చేసినారు. 2022 అక్టోబరులో, కేవలం దగ్గర ఉంచుకొన్న నేరానికి ఫెడరల్ శిక్ష పడినవారిని క్షమించుచు, ఇంతకాలపు విధానం విఫలమైనదన్నారు. ఆ ఒక్క నేరంపై ఆనాడు ఫెడరల్ కారాగారంలో ఎవరును లేరని అధికారులే చెప్పినారు. ఆ క్షమ ఎవరికి వర్తించినది? పౌరులకు, గ్రీన్‌కార్డు కలవారికి. ఇది గుర్తుంచుకొనుడు, మరల వచ్చెదను.

నాకు ఆసక్తి కలిగించిన వ్యక్తి వేరొకరు. తులసీ గబ్బార్డ్ వైష్ణవ సంప్రదాయంలో పెరిగినవారు. 2017లో రిపబ్లికన్ సభ్యుడు టామ్ గారెట్‌తో కలిసి ఫెడరల్ నిషేధాన్ని తొలగించు బిల్లును ప్రవేశపెట్టినారు. 2020 ఎన్నికలకు అధ్యక్ష అభ్యర్థిత్వం కోరి ప్రచారం చేయు కాలంలో, తాను గంజాయిని గాని సిగరెట్టును గాని ఎన్నడును ముట్టలేదని, మద్యం సేవించనని, అయినను ఇతరుల ఎంపికను నేరం చేయరాదని చెప్పినారు. ఆమె తక్కిన రాజకీయాలతో నాకు పని లేదు. ఈ వాదంలో సగం నాకు సంపూర్ణంగా సమ్మతం. నియమం నాది, దండం రాజుది. నేను ఉల్లిపాయ తినను, అంతమాత్రాన ఉల్లి తిన్నవానిని చెరసాలలో వేయమని కోరను. వ్రతాన్ని దండంతో నిలబెట్టనెంచువాడు వ్రతాన్ని కూడ పాడుచేయును.

రెండవ సగం సమ్మతం కాదు. నేరం కాకుండ చేయుట వేరు, అంగడి తెరచి ప్రకటనలతో ఆహ్వానించుట వేరు. కౌటిల్యుడు మద్యాన్ని పూర్తిగా నిషేధించలేదు. సురాధ్యక్షుడను అధికారిని నియమించి, ఎవరికి అమ్మవలెను, ఎంత అమ్మవలెను, ఎక్కడ కూర్చుండి త్రాగవలెనను కట్టుబాట్లు పెట్టినాడు. శార్ఙ్గధరుడు మదకారి ద్రవ్యానికి చెప్పిన లక్షణం, బుద్ధిని లోపింపజేయుట. బుద్ధిలోపం మీద లాభం గణించువాని ధనంతో రాజ్యాంగం వ్రాయించుకొనుట ఏ పక్షపు స్వాతంత్ర్యవాదానికీ శోభ కాదు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయం. మా ఆలయానికి వచ్చు ఒక తల్లి ఒక ఉదయం గర్భాలయం ఎదుట కూర్చుండి లేవలేదు. ఆమె చెల్లెలి కుమారుడు వేరొక రాష్ట్రంలో చదువుకొనుచుండెడివాడు. అక్కడ గంజాయి చట్టబద్ధం. మిత్రులతో ఒకటి రెండు పర్యాయాలు పీల్చినాడు. సెలవులకు స్వదేశం వెళ్లి తిరిగి వచ్చునప్పుడు, విమానాశ్రయంలో అధికారి ప్రశ్నించగా, తప్పేమున్నది, చట్టబద్ధమే కదా అని నిజం చెప్పినాడు. ఆ రాత్రియే తిరుగు విమానం ఎక్కించినారు. మూడు సంవత్సరాల చదువు, తండ్రి పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు అక్కడ నిలిచిపోయినవి. "స్వామీ, అబద్ధం చెప్పియుంటే బాగుండేదా?" అని ఆమె అడిగినది. సత్యమే పలుకుమని ఉపనిషత్తు చదివి, పిల్లలకు చెప్పి బ్రతుకువాడను నేను. ఆమెకు ఏమి చెప్పవలెను? మృత్యుంజయజపానికి సంకల్పం చేసినాను. అంతకంటె చేతకాలేదు.

ఈ దేశంలో రాష్ట్రచట్టం ఒకటి, ఫెడరల్ చట్టం వేరొకటి. వలసచట్టం ఫెడరల్ చట్టాన్ని మాత్రమే చూచును. శిక్ష పడనక్కరలేదు, నేరాంగాలను నోటితో ఒప్పుకొనిన చాలును, ప్రవేశం నిరాకరింపవచ్చును. రాష్ట్రచట్టం అనుమతించినను, గంజాయితో సంబంధం పౌరసత్వానికి కావలసిన సచ్ఛీలతకు భంగకరమని 2019 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించినారు. దుకాణంలో ఉద్యోగం చేయుట కూడ ఇందులో చేరును. దేశబహిష్కారం విషయంలో వలసచట్టం చూపు కొద్దిపాటి దయ, స్వంతానికి ఉంచుకొన్న 30 గ్రాముల లోపు ఒక్క పర్యాయానికే. సవరణ అనుమతించదలచినది 85! ఓటుపత్రాన్ని నమ్మి 85 గ్రాములు సంచిలో వేసికొన్న పరదేశీయుని గతి ఏమి కావలెను? మొదటి షెడ్యూలు నుండి మూడవదానికి దించెదమను ప్రతిపాదనను ట్రంప్ సమర్థించినారు, బైడెన్ ప్రభుత్వం 2024లో ప్రారంభించినది. మూడవ షెడ్యూలులో ఉన్నను అది నియంత్రిత ద్రవ్యమే గనుక, వీసాపై ఉన్నవానికి దానివలన ఒరుగునది లేదు. బైడెన్ క్షమలో కూడ వీరు లేరని పైన చెప్పినాను.

ఏ అభ్యర్థి ప్రసంగంలోనూ ఈ పిల్లల మాట నాకు వినబడలేదు. వీరికి ఓటు లేదు, అదియే కారణం. ఓటు ఉన్న మీరు వీరికి పినతండ్రులు, మేనమామలు, ఇంటి యజమానులు. దీపావళికి అభ్యర్థి వచ్చి నుదుట కుంకుమ ధరించి, చేతులు జోడించి ఛాయాచిత్రం తీయించుకొనును. అప్పుడు గంజాయికి అనుకూలమా, ప్రతికూలమా అని అడుగకుడు. దానికి సమాధానం ఆయన కార్యాలయం ముందే వ్రాసియిచ్చియుండును. "రాష్ట్రం అనుమతించినదానిని చేసినందుకు విద్యార్థిని విమానాశ్రయం నుండి తిప్పిపంపు నిబంధనను సవరించు బిల్లుకు సంతకం చేయుదువా?" అని అడుగుడు.

విద్యార్థులైన చిరంజీవులకు నా మాట వేరు. మీరున్న రాష్ట్రం ఏమి అనుమతించినను ముట్టకుడు. ఇది ధర్మోపదేశమని తోచకపోయినను సరే, పాస్‌పోర్టు కొరకైనను వినుడు.

రెండవ సోమవారం ఆ యువకుడు మరల వచ్చినాడు. సవరణ వీగిపోయినదన్న విచారమేమీ అతని ముఖంలో కనబడలేదు. "స్వామీ, మీకు ఓటు ఉంటే ఏమని వేసియుందురు?" అన్నాడు. చెరసాల వలదను ప్రశ్న ఒక్కటే అయియుంటే అవునని, అంగడి కావలెనా అను ప్రశ్న ఒక్కటే అయియుంటే కాదని వేసియుందును, రెండింటినీ ఒక్క వాక్యంలో కట్టి ఇచ్చినారు గనుక ఆ గడిని ఖాళీగా వదలియుందును అన్నాను. "నేనూ అదే చేసినాను, కాని బద్ధకం వలన" అని నవ్వినాడు. అతడు ఇక్కడే పుట్టినవాడు, పౌరుడు. అతని గదిలో ఉండు మిత్రుడు మాత్రం ఇంకను విద్యార్థి వీసాపైననే ఉన్నాడట. వచ్చే సోమవారం అతనిని కూడ తీసికొని రమ్మన్నాను.