మర కుదిరితే చాలునా?
డీజిల్ ఫిల్టరు కొనుగోలులో లారీ యజమానులకు కొత్త చిక్కు

విజయవాడ: లోడుతో ఉన్న లారీ ఎత్తు రోడ్డు మీద లాగడం మానివేసిందంటే డ్రైవరు మొదట అనుమానించేది డీజిల్ ఫిల్టరునే. పాత ఫిల్టరు విప్పి, ఆటోనగర్‌లో ఏదో ఒక స్పేరు పార్టుల దుకాణానికి తీసుకువెళ్లి, బల్ల మీద పెట్టి "ఇలాంటిదే ఒకటి ఇవ్వండి" అని అడగడం, దుకాణదారు ఎత్తూ మరా సరిచూసి ఇంకొకటి తీసి ఇవ్వడం ఇక్కడ దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి. పాత బండ్లున్న రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం కలిగేది కాదు. బి.ఎస్.-6 లారీకి మాత్రం ఈ పద్ధతిలో కొన్న ఫిల్టరు యజమానిని అప్పుల పాలు చేయగలదు.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. వారంటీ ఉన్నన్నాళ్లు ఈ లారీలు కంపెనీ వర్కుషాపు గడప దాటలేదు. అక్కడ ఏ ఫిల్టరు వేయాలన్న ప్రశ్నే రాదు. గడువు తీరిన బండ్లు ఒక్కొక్కటిగా బయటి మెకానిక్కుల చేతికి వస్తున్నవి. 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారులు కలిసే విజయవాడకు ఇతర రాష్ట్రాల లారీలు కూడా మరమ్మతుకు ఆగుతుంటవి గనుక, ఈ సమస్య ఒక్క కృష్ణా, ఎన్.టి.ఆర్. జిల్లాల యజమానులది మాత్రమే కాదు.

గుడ్డ ఫిల్టరు నాటి అలవాటు

టాటా కంపెనీ జర్మనీకి చెందిన బెంజి కంపెనీతో కలిసి 1954లో లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా, "బెంజి లారీ" అన్న మాట మన వైపు ఇంకా పోలేదు. ఆ తరం బండ్లకు రెండు గిన్నెల ఫిల్టరు ఉండేది. మొదటి గిన్నెలో గుడ్డ, రెండవ దానిలో కాగితం. గుడ్డ ఫిల్టరును డీజిల్‌లోనే కడిగి తిరిగి బిగించేవారు. లైను పంపు గట్టి పిండం. ఇంజెక్టరు తెరుచుకోవడానికి సుమారు 200 బార్ల పీడనం చాలు. కాస్త మురికి పోయినా ఇంజను కొంచెం పొగ చిమ్మి దారికి వచ్చేది. నాజిళ్లు పాడైతే పంపు షాపులో మార్చి, ప్రెషరు సరిచేసి పంపేవారు. బెంగుళూరులో 1951లో ప్రారంభమైన మైకో కంపెనీ 2008లోనే బాష్ అని పేరు మార్చుకున్నా, పాత మేస్త్రీలు నేటికీ "మైకో పంపు" అనే అంటారు. పేరుతో పాటు ఆనాటి అలవాటు కూడా మిగిలిపోయిందన్నదే ఇక్కడ గమనించవలసిన సంగతి.

కామన్ రైలు ఇంజనులో వ్యవహారం వేరు. లారీ టైరులో కొట్టే గాలి సుమారు 8 బార్లు. ఈ ఇంజనులో డీజిల్ పీడనం 1600 నుంచి 2000 బార్ల వరకూ, కొన్నింటిలో ఇంకా పైకీ పోతుంది. అంత ఒత్తిడిలో ఇంజెక్టరు రంధ్రాల గుండా దూసుకుపోయే డీజిల్‌లో సన్నని ఇసుక రేణువు ఉన్నా అది ఆకురాయిలా ఒరుసుకుంటూ పోతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ ఇంజనులకు అయిదు మైక్రాన్ల లోపు రేణువులను కూడా ఆపే ఫిల్టరు కావాలి. పాత బండి ఫిల్టరు వడకట్టేది దీనికి రెండు మూడు రెట్లు లావైన మట్టినే. రెండింటి డబ్బా ఒకే ఎత్తు ఉండవచ్చు, మరా ఒకటే కావచ్చు. లోపలి కాగితం వేరు. బల్ల మీద పెట్టి సరిచూసే పద్ధతిలో కనిపించనిది అదే.

మూసుకుపోని ఫిల్టరు మంచిదా?

డ్రైవర్లను తరచు తప్పుదారి పట్టించే విషయం ఇంకొకటి ఉన్నది. మంచి ఫిల్టరు వేస్తే, డీజిల్‌లో మురికి ఉన్నప్పుడు అది త్వరగా మూసుకుపోతుంది, బండి లాగడం తగ్గుతుంది. నాసిరకం ఫిల్టరు వేస్తే అసలు మూసుకుపోనే పోదు, బండి హాయిగా నడుస్తుంది. దానితో "కంపెనీ ఫిల్టరు కంటే ఇదే నయం, ఎక్కువ రోజులు వచ్చింది" అన్న మాట లారీ స్టాండులో పాకిపోతుంది. ఆపవలసిన మట్టిని ఆపకుండా ఇంజనులోకి వదిలినందువల్లనే అది అన్ని రోజులు వచ్చిందన్న సంగతి ఇంజెక్టర్లు పోయేదాకా బయటపడదు. నకిలీల్లో మరికొన్ని ఇంకా అన్యాయం. లోపలి రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోక డీజిల్ కాగితాన్ని తాకకుండానే పక్కనుంచి పోతుంది. జిగురు ఊడి, మడతలు నలిగి, కాగితపు నూగే లోపలికి పోయే రకాలు కూడా లేకపోలేదు.

నీటి సంగతి ఇంతకంటే ముఖ్యం. వానాకాలంలో, అందులోనూ సముద్రతీర జిల్లాల్లో, సగం ఖాళీగా రాత్రంతా నిలిచిన ట్యాంకులో గాలిలోని తేమ చెమటలా పట్టి నీరుగా దిగుతుంది. దీనికోసమే కొత్త లారీలకు ఛాసిస్ మీద నీటిని వేరుచేసే ముందు ఫిల్టరు, అడుగున నీరు వదిలే బిరడా, నీరు చేరితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగించే సెన్సారు ఉంటవి. చవక ఫిల్టరుకు సెన్సారు బిగించే చోటు ఉండకపోవచ్చు. అప్పుడు కొందరు చేసే పని వైరు పక్కకు కట్టేయడం లేక దీపం వెలగకుండా చేయడం. దీపం వెలగనంత మాత్రాన నీరు ఆవిరైపోదు. పంపులోనూ ఇంజెక్టర్లలోనూ తుప్పు పట్టడానికి ఆ నీరు చాలు.

ఫిల్టరులో మిగిలేది వందల్లో ఉంటే, ఒక్కొక్క ఇంజెక్టరు ఖరీదు వేలల్లో ఉంటున్నది. ఆరు సిలిండర్ల బండికి సెట్టు మొత్తం మార్చవలసి వస్తే లక్ష దాటడం వింత కాదు. పంపు కూడా పోతే చెప్పనక్కరలేదు. బండి నిలిచిన రోజుల్లో ఫైనాన్సు వాయిదా ఆగదు గదా.

కొనేది ఎవరు?

యజమానులు ఇంత తెలిసీ నాసిరకం ఎందుకు కొంటున్నారన్నది న్యాయమైన ప్రశ్నే. నిజానికి చాలా సందర్భాల్లో కొనేది యజమాని కాదు. దారిలో బండి ఆగితే కొనేది డ్రైవరు. తన జేబులోంచి పెట్టి, తిరిగివచ్చాక బిల్లు చూపి రాబట్టుకోవాలి. బిల్లు పెద్దదైతే యజమాని అనుమానంగా చూస్తాడు. ఊళ్లో ఉంటే కొనేది మెకానిక్కు. అతనికి ఏ దుకాణంలో కమీషను ఉంటే అక్కడికే మనిషిని పంపుతాడు. నెలల తర్వాత ఇంజెక్టర్లు పోయిననాడు ఆనాటి ఫిల్టరు ఎవరికీ గుర్తుండదు. "డీజిల్ బాగాలేదు" అని బంకు మీదకు నెట్టడంతో ముచ్చట ముగుస్తుంది. కొన్నవాడొకడు, లాభపడినవాడు మరొకడు, నష్టపోయినవాడు ఇంకొకడు. ఈ ఏర్పాటు ఉన్నంతకాలం నకిలీ సరుకుకు గిరాకీ తగ్గుతుందనుకోవడం భ్రమ.

కంపెనీ పెట్టెలో లేనిదంతా నకిలీ అనడమూ సరికాదు. లారీ కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లు సొంతంగా చేసుకోవు. ఫిల్టర్లు తయారుచేసే కంపెనీల నుంచి తెప్పించుకుంటవి. బాష్, ఫ్లీట్‌గార్డ్, మాన్ వంటి తయారీదారులు తమ పేరుతోనూ బజారుకు ఇస్తారు. ధరలో తేడా ఉంటుంది. అలాంటిది కొనడం తెలివైన పనే. షరతు ఒక్కటే: లారీ మోడలు పేరు చెప్పి గాక, పార్టు నంబరు చూసి కొనాలి. ఒకే మోడలులో బి.ఎస్.-4 బండికీ బి.ఎస్.-6 బండికీ ఫిల్టరు మారవచ్చు. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ డీలరు వద్ద సరైన పార్టు నంబరు తెలుస్తుంది. దానికి సరిపడే తమ నంబరు ఏదో తయారీదారు కేటలాగులో ఉంటుంది. ఆ రెండు నంబర్లు బండి కాగితాలతో పాటు డ్రైవరు దగ్గర రాసి ఉంచితే, ఒరిస్సాలో ఆగినా నెల్లూరులో ఆగినా పాత ఫిల్టరు బల్ల మీద పెట్టే పని ఉండదు.

2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండి తీరాలి. వీటిలో ఏది లేకున్నా ఆ పెట్టె వెనక్కు ఇవ్వడం మేలు. డబ్బా మీది నంబరు, పెట్టె మీది నంబరు ఒకటేనా అన్నది కూడా చూడాలి. పెట్టె అసలుదై, లోపలిది మారే వ్యాపారం కొత్తది కాదు.

అసలు ఫిల్టరు కొన్నాక కూడా ఆఖరి నిమిషంలో చెడగొట్టే అలవాటు ఒకటి ఉన్నది. బండి త్వరగా స్టార్టు కావాలని కొత్త ఫిల్టరు నడిమి రంధ్రంలో క్యానులోని డీజిల్ పోసి బిగిస్తారు. నడిమి రంధ్రం వడకట్టిన డీజిల్ బయటకు పోయే దారి. అందులో పోసిన మురికి నేరుగా ఇంజెక్టర్లకే చేరుతుంది. ఫిల్టరు ఖాళీగా బిగించి, చేతి పంపు కొట్టి నింపడమే పద్ధతి. అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

చట్టం ఏమంటున్నది?

1999 నాటి ట్రేడుమార్కుల చట్టం 103, 104 సెక్షన్ల కింద నకిలీ పేరు వేసినవారికి, అది అమ్మినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జుర్మానా ఉన్నవి. డి.ఎస్.పి.కి తగ్గని అధికారి వారంటు లేకుండానే సోదా చేయవచ్చు, అయితే ముందుగా ట్రేడుమార్కుల రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకోవాలి. తాను జాగ్రత్త పడ్డానని, సరుకు ఎవరు ఇచ్చారో చెప్పానని రుజువు చేసుకున్న దుకాణదారు బయటపడే వీలున్నది. ఇలాంటి దాడులు కంపెనీల ఫిర్యాదు మీదే ఎక్కువగా జరుగుతుంటవి. వాటివల్ల ఇంజెక్టర్లు పోగొట్టుకున్న యజమానికి దక్కేది ఏమీ లేదు.

అతనికి ఉన్న దారి 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం. వ్యాపారం కోసం కొన్నవారిని ఈ చట్టం వినియోగదారులుగా లెక్కించదు గనుక లారీలవారికి అది వర్తించదని చాలామంది అనుకుంటున్నారు. పది బండ్ల కంపెనీ విషయంలో ఆ మాటకు బలమున్నది. కాని స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని తానే వాడుకునేవాడు వినియోగదారుడేనని అదే సెక్షను వివరణ చెబుతున్నది. ఒక్క లారీ ఉంచుకుని సొంతంగా నడుపుకునేవారికి ఇది పెద్ద ఆసరా. ఫిల్టరు ఏ ఊళ్లో కొన్నా, తాను నివసించే జిల్లా కమిషనులోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. అవసరమైతే కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపిస్తుంది.

పంపడానికి వస్తువు ఉండాలి, కొన్నట్టు బిల్లు ఉండాలి. కేసు నిలవకపోయేది ఇక్కడే. తెల్ల కాగితం మీద "ఫిల్టరు 1" అని రాసిచ్చిన చీటీ ఏ దుకాణానిదో చెప్పదు. జి.ఎస్.టి. నంబరు, పార్టు నంబరు ఉన్న బిల్లు అడిగితే ధర పెరుగుతుందని దుకాణదారు అంటే, ఆ మాటతోనే సరుకు సంగతి సగం తెలిసిపోతుంది. ఇంజెక్టరు పోయినప్పుడు బండికి ఉన్న ఫిల్టరును పారవేయకుండా, కోయకుండా, మూత బిగించి పెట్టెతో సహా దాచాలి. మామూలుగా మార్చినప్పుడు మాత్రం దీనికి విరుద్ధంగా చేయాలి. పాత డబ్బాకు స్క్రూడ్రైవరుతో బొక్క పొడిచి, పెట్టెను చించి పడవేయాలి. పాత ఇనుము కొనేవాడికి చెక్కుచెదరని డబ్బా, నలగని పెట్టె ఇచ్చినట్లయితే అవి మళ్లీ ఏ దుకాణం బల్ల మీదకు వస్తవో ఇచ్చినవారికే తెలియదు.